కుట్టుకూలి అన్నంతకాలం

చీరకి సైజు లేదు. లావుగా ఉన్నవాళ్ళకి రెండు కుచ్చిళ్ళు తగ్గుతాయి, సన్నగా ఉన్నవాళ్ళకి రెండు ఎక్కువొస్తాయి, అంతే తేడా. సైజు అనేది వచ్చిందల్లా రవికతోనే. ఒళ్ళున్న ఆడదానికి బట్టల దగ్గర జరిగే అవమానం చాలావరకు ఆ ఒక్క మీటరు గుడ్డ చుట్టూనే జరుగుతుంది. ఆ గుడ్డని మన ఒంటికి సరిపోయేలా చేసి, మనం నలుగురిలోకి వెళ్ళగలిగేలా చేసిన ఆడవాళ్ళు ఎవరు? వాళ్ళు చేసిన పనికి మనం పెట్టిన పేరేమిటి? ఇచ్చిన విలువెంత? స్త్రీల శ్రమ గురించి ఇంత రాసుకున్న మనం ఈ ప్రశ్నల దగ్గర ఎందుకో ఆగలేదనిపిస్తుంది నాకు.

మాది నూజివీడు పక్కన ఒక పల్లె. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చేదాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. ఏ జిల్లాలో ఉన్నా మామిడితోటల ఊరే. మా వైపు రసాల్లో చిన్నరసం, పెద్దరసం అని వేరు వేరు రకాలున్నాయి. పెద్దరసాన్ని పట్టుకుని నువ్వు చిన్నరసంలా ఎందుకు లేవని ఎవరూ అడగరు. ఆడపిల్లల దగ్గరికొచ్చేసరికి ఆ ఇంగితం ఉండదు. ఎనిమిదో తరగతికొచ్చేసరికే నేను మా అమ్మకన్నా లావు. "ఒళ్ళు చేసింది" అనేవాళ్ళు చుట్టాలు. ఆ మాట ఎప్పుడు విన్నా నేనేదో కూడని పని చేసినట్టుండేది. మన సినిమాలు కూడా లావుపాటి ఆడదానికి ఎక్కువగా రెండే వేషాలిచ్చాయి: గయ్యాళి, లేకపోతే నవ్వించే మనిషి. 1962లో వచ్చిన 'గుండమ్మ కథ'లో సూర్యకాంతం ఎంత గొప్పగా నటించిందో మనకి తెలుసు. కానీ ఆ తర్వాత బొద్దుగా ఉన్న ఏ పెద్దావిడ గొంతు పెంచి మాట్లాడినా ఊళ్ళో ఆవిడ 'గుండమ్మ' అయిపోయింది.

మా వీధిలో ఒకావిడ బట్టలు కుట్టేది. పిల్లలందరం మిషను పిన్ని అనేవాళ్ళం. వరండాలో కాలితో తొక్కే ఉషా మిషను, గోడకి ఒక మేకు, ఆ మేకుకి టేపు. మామిడికాయల కోతలప్పుడు పగలు తోట పనికెళ్ళి, చీకటిపడ్డాక మిషను ముందు కూర్చునేది. కోతలూ పెళ్ళిళ్ళూ ఒకే రోజుల్లో వస్తాయి కనక వేసవిలో ఆవిడకి నిద్ర తక్కువ. నాకు ఓణీలు వేసిన ఏడాది విజయవాడలో ఒక బట్టల కొట్టుకి తీసికెళ్తే, కొట్టతను నన్ను ఎగాదిగా చూసి "ఈ అమ్మాయి సైజు రాదండీ" అని మా అమ్మతో చెప్పాడు, నాతో కాదు. ఆ సంగతి విని మిషను పిన్ని నవ్వింది. "గుడ్డని ఒంటికి తెచ్చుకోవాలిగానీ ఒంటిని గుడ్డకి తెస్తామా ఏంటే" అంది.

ఆవిడ చేసిన పనేమిటో కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే మనకి తెలియని పనికి మనం ఎప్పుడూ తక్కువ ధరే కడతాం.

కుట్టు శిక్షణలో మామూలుగా నేర్పే లెక్క సులువుగా ఉంటుంది. ఛాతీ చుట్టుకొలత తీసుకుని దాన్ని నాలుగుతో భాగిస్తే ముందు, వెనక భాగాల వెడల్పు. పన్నెండుతో భాగిస్తే మెడ. ఇలా ఒక్క కొలతలోంచే మిగతావన్నీ రాబడతారు. 32, 34, 36 దాకా ఈ లెక్క బాగానే నడుస్తుంది. 44, 46 దగ్గరికొచ్చేసరికి తిరగబడుతుంది. ఛాతీ పెరిగినంతగా భుజం ఎముక పెరగదు కదా. లెక్క ప్రకారం కత్తిరిస్తే మెడ వెడల్పయిపోయి భుజాలు జారతాయి, చంక దగ్గర పట్టేసి చెయ్యి పైకి లేవదు, ముందు భాగం పొట్టిదై పైకి లాగేస్తుంది. మిషను పిన్ని ఛాతీ లెక్కని నమ్మేది కాదు. భుజం విడిగా, దండ చుట్టూ విడిగా, మెడ పక్కనుంచి రొమ్ము మొన దాకా విడిగా కొలిచేది. ముందు భాగాన్ని వెనక భాగంకన్నా పెద్దగా కత్తిరించేది. డాట్లు లోతుగా పట్టేది.

చీరతో వచ్చే జాకెట్టు ముక్క మామూలుగా 80 సెంటీమీటర్లు, మహా అయితే మీటరు. నాలాంటివాళ్ళకి అందులో చేతులు రావు. వాయనాల్లో బొట్టుపెట్టి ఇచ్చే రవికలగుడ్డ ఇంటింటికీ తిరుగుతూనే ఉండడానికి ఒక కారణం అదే, ఎవరికీ చాలదు. పిన్ని మాత్రం చంక కింద, పైట కప్పేవైపు, కనపడని చోటు చూసి అతుకు వేసేది. కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలేది, వచ్చే ఏడు విప్పుకోవచ్చని. నా ఒళ్ళు మారుతుందనీ, మారడంలో తప్పేమీ లేదనీ నాకు మొదట చెప్పింది ఆ రెండు వేళ్ళ గుడ్డే.

అంతకుముందు తరంలో ఈ వెసులుబాటు కూడా లేదు. కుట్టుపని కులవృత్తిగా ఉన్న మేరవాళ్ళూ, ముస్లిం దర్జీలూ మగవాళ్ళు. పరాయి మగవాడు ఆడదాని ఒంటిమీద టేపు పెట్టకూడదు కనక 'ఆది' జాకెట్టు పంపేవాళ్ళు. ఆది అంటే పాత జాకెట్టు, పాత ఒళ్ళు. కాన్పయిన మనిషికి, ముట్లుడిగిన మనిషికి, థైరాయిడ్ మందులు వాడే మనిషికి ఆ ఆది నిరుటి తన ఒంటినే చూపిస్తుంది. ఇంటి వరండాలో కుట్టే ఆడవాళ్ళు వచ్చాకే టేపు మన ఒంటి మీదికొచ్చింది. ఇదొక చిన్న చారిత్రక మార్పు. ఏ పుస్తకంలోనూ ఎక్కినట్టు నేను చూడలేదు.

చరిత్ర పాఠాలు చెప్పుకునే మనిషిని కనక, ఒక్క కొలతలోంచి ఒళ్ళంతా రాబట్టే ఆ లెక్క ఎక్కడిదని వెతికాను. 19వ శతాబ్దపు మొదటి భాగంలో యూరపులో మగవాళ్ళ కోట్లు కుట్టే దర్జీలు స్థిరపరచిన పద్ధతి అది. సైన్యాలకీ, బజారుకీ ఎక్కువ సంఖ్యలో బట్టలు కావలసి వచ్చినకొద్దీ అలాంటి లెక్కల అవసరం పెరిగింది. ఆడవాళ్ళ కొలతలమీద పెద్ద సర్వే జరిగింది చాలా తర్వాత, 1939-40లో, అమెరికాలో. అక్కడి వ్యవసాయశాఖ తరఫున రూత్ ఓబ్రియెన్, విలియం షెల్టన్ సుమారు 15,000 మంది స్త్రీలని కొలిపించారు. ఒక్కొక్కరి ఒంటిమీద 50కి పైగా కొలతలు. నివేదిక 1941లో వచ్చింది. శ్వేతజాతి స్త్రీల కొలతలే లెక్కలోకి తీసుకున్నారు. కొలతలకి వచ్చిన గుంపులో నల్లజాతి స్త్రీలో, మరొకరో ఉంటే వాళ్ళనీ కొలిచి, ఆ కాగితాలు పక్కన పెట్టేశారు. ఆ లెక్కలే ముఖ్యమైన ఆధారంగా 1958లో అమెరికా ప్రభుత్వం ఆడవాళ్ళ బట్టల సైజులకి ప్రమాణం ప్రకటించింది. 1983లో దాన్ని ఉపసంహరించుకుంది. కానీ స్మాల్, మీడియం, లార్జ్ అంటూ ఇవాళ మన బజార్లో వేలాడే చీటీల వెనక, అసలు ఒళ్ళంటే ఏది అన్న ఆ పాత నిర్ణయపు నీడ ఇంకా ఉంది.

లావుపాటి ఆడవాళ్ళని అక్కడి వ్యాపారం గుర్తించలేదని కాదు. లిథువేనియానుంచి వలస వచ్చిన లీనా బ్రయంట్ అనే కుట్టుపని చేసుకునే యువతి 1904లో న్యూయార్క్‌లో కొట్టు పెట్టి, మొదట గర్భిణుల బట్టలతో పేరు తెచ్చుకుంది. తర్వాత ఆమే, ఆమె భర్తా సొంత ఖాతాదారుల కొలతలూ, బీమా కంపెనీ దగ్గరున్న స్త్రీల కొలతలూ సేకరించి 'స్టౌట్' బట్టలు తయారుచేశారు. 1920ల నాటికి అదే పెద్ద వ్యాపారమైంది. చాలామంది ఆడవాళ్ళ ఒళ్ళు ప్రమాణానికి బయటే ఉందని ఆమె సంపాదనే రుజువు చేసింది.

అయితే నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది జెల్డా విన్ వాల్డెస్ కథ. 1905లో పెన్సిల్వేనియాలో పుట్టిన నల్లజాతి స్త్రీ. కుట్టుపని ఇంట్లో నేర్చుకుంది. ఒక బట్టల కొట్లో సరుకు సర్దే పనితో మొదలుపెట్టి, 1948లో న్యూయార్క్ బ్రాడ్‌వే వీధిలో సొంత దుకాణం తెరిచింది. గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్‌ది భారీ శరీరం. ఆమె వేదికలమీద మెరిసిన గౌన్లు జెల్డా కుట్టినవే. ఊరూరా తిరుగుతూ పాడే ఎల్లాకి కొలతలివ్వడానికి తీరిక దొరికేది కాదు. జెల్డా పేపర్లలో వచ్చిన ఫోటోలు చూసి ఒళ్ళు ఎంత మారిందో అంచనా వేసి కత్తిరించేదట. ఈ సంగతి చదివినప్పుడు మా వరండా గుర్తొచ్చింది. అదే విద్య కదా ఇది! ఏ పట్టికలోనూ లేని ఒంటిని కళ్ళతో చదివే విద్య.

1949లో నల్లజాతి డిజైనర్లు తమకంటూ ఒక జాతీయ సంఘం పెట్టుకున్నారు. న్యూయార్క్ శాఖకి జెల్డా అధ్యక్షురాలు. 1970లో హార్లెమ్ డాన్స్ థియేటర్‌కి దుస్తులు తయారుచేయడానికి పిలిస్తే, నర్తకుల మేజోళ్ళకి ఒక్కొక్కరి ఒంటిరంగుకి తగ్గట్టు రంగు వేయించింది. అప్పటిదాకా బాలేలో 'ఒంటిరంగు' అంటే గులాబి రంగే. 2001లో ఆమె చనిపోయింది. ఫ్యాషన్ చరిత్ర పుస్తకాల్లో ఆమెకి చోటు దొరుకుతున్నది ఇప్పుడిప్పుడే.

ఇవాళ అమెరికాలో పెద్ద సైజుల బట్టలు తయారుచేసే నల్లజాతి, ఆసియా, లాటినా స్వతంత్ర డిజైనర్లని నిలబెట్టాలని అక్కడి స్త్రీలు గట్టిగా అడుగుతున్నారు. ఎందుకో ఈ చరిత్ర చూస్తే అర్థమవుతుంది. ప్రమాణం తయారైనప్పుడు రంగునీ ఒంటినీ కలిపే బయటికి నెట్టారు. బయటికి నెట్టిన ఆ ఒళ్ళకి బట్ట కట్టే విద్యని నెట్టబడిన స్త్రీలే తయారుచేసుకున్నారు. పెద్ద కంపెనీలు ఇప్పుడు ఆ బజారులోకి వస్తుంటే, ఆ విద్య తయారుచేసినవాళ్ళు పేరూ డబ్బూ లేకుండా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

మన దగ్గరి సంగతి అచ్చం అలాంటిదని నేను అనను. అక్కడ రంగు, ఇక్కడ కులం. రెండింటినీ ఒకే గాటన కట్టలేం. ఇక్కడ రవిక వేసుకోవడమే ఒక హక్కుగా పోరాడి తెచ్చుకోవలసి వచ్చిన స్త్రీలున్నారు. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు దశాబ్దాలపాటు దెబ్బలు తిన్నాక 1859లో రాజు ఒంటి పైభాగం కప్పుకోనిచ్చాడు, అదీ పై కులాల స్త్రీల తరహాలో కప్పుకోకూడదన్న షరతుతో. గుడ్డ ఎవరు కట్టాలి, ఎలా కట్టాలి అన్నది మన దేశంలో ముందు కులం నిర్ణయించింది, ఆ తర్వాతే సైజు వచ్చింది. ఒక్క పోలిక మాత్రం నిజం. చేతిపని చేసే స్త్రీ తెలివిని ఇక్కడా 'పని' అంటారు తప్ప విద్య అనరు. మాటలు చూడండి. నగరంలో డిజైనర్‌కిచ్చేది ఫీజు. మిషను పిన్నికిచ్చేది కుట్టుకూలి.

ఆ 'కూలి' అన్న మాట ప్రభుత్వ పథకాల్లో కూడా దాక్కుని ఉంది. 1953లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు వచ్చిన నాటినుంచీ, 1982లో మొదలైన డ్వాక్రా మీదుగా, మొన్న 2025 మార్చి 8న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లక్షమందికి పైగా మహిళలకని మొదలుపెట్టిన శిక్షణ దాకా, పేద స్త్రీకి దారి అనగానే కుట్టు మిషనే గుర్తొస్తుంది. మిషను ఇవ్వడం మంచిదే. దానివల్ల నిలబడ్డ ఇళ్ళు నాకు తెలుసు. కానీ ఆ స్త్రీ ఎప్పుడూ లబ్ధిదారే, నిపుణురాలు కాదు. 2020 జూన్‌లో దర్జీలకి ఏడాదికి 10,000 రూపాయలిచ్చే 'జగనన్న చేదోడు' వచ్చినప్పుడు అది దుకాణం ఉన్నవాళ్ళకన్నారు. వరండా దుకాణమవుతుందా? 2023 సెప్టెంబరులో కేంద్రం తెచ్చిన విశ్వకర్మ పథకం 18 చేతివృత్తుల్లో దర్జీని చేర్చి, పనిముట్లకి 15,000 రూపాయల దాకా ఇస్తోంది. పనిముట్ల సంగతి సరే. 46 అంగుళాల ఛాతీకి ముందు భాగం ఎలా కత్తిరించాలో సొంతంగా కనిపెట్టిన స్త్రీని గురువుగా పిలిచే శిక్షణ ఎక్కడ?

స్త్రీవాదులుగా మనం బట్టల గురించి మాట్లాడలేదని కాదు. జయప్రభ 'పైటను తగలెయ్యాలి' రాసిన రోజులనుంచీ మాట్లాడుతూనే ఉన్నాం. 1996లో బెంగుళూరు మిస్ వరల్డ్ పోటీలమీద దేశమంతా స్త్రీలు నిరసన చెప్పారు. అవే పోటీలు 2025 మేలో హైదరాబాద్‌కొచ్చాయి, మళ్ళీ చర్చ జరిగింది. ఒంటిని కొలిచి మార్కులు వేసే టేపుని మనం సరిగ్గానే గుర్తుపట్టాం. ఒంటిని కొలిచి దానికి గౌరవంగా బట్ట తొడిగే ఇంకో టేపు ఉందని మాత్రం పట్టించుకోలేదు. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చినప్పుడు సాయుధపోరాటంలో వండిపెట్టిన, కబుర్లు మోసిన, తుపాకి పట్టిన స్త్రీల గొంతులు విన్నాం. చరిత్రకి ఎవరిని అడగాలో ఆ పుస్తకం నేర్పింది. అదే ప్రశ్న మిషను ముందు కూర్చున్న స్త్రీని ఇంకా అడగవలసే ఉంది.

ఇప్పుడు ఈ సంగతి మరింత తొందరగా ఆలోచించాలి. మన శరీరాలకి కూడా ప్రమాణం తయారవుతోంది. 2010ల చివర కేంద్ర జౌళిశాఖ, నిఫ్ట్ కలిసి 'ఇండియాసైజ్' అనే సర్వే తలపెట్టాయి. హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో 25,000 మందిని త్రీడీ స్కానర్లతో కొలవాలన్నది ఉద్దేశం. పరాయి సైజుల్లో ఇరుక్కున్నవాళ్ళం కనక మన కొలతలు మనకుండడం అవసరమే. కానీ నగరాల్లో స్కానర్ ముందు నిలబడే ఒళ్ళు ఒకటి, మామిడి మండీలో గంపలెత్తే ఒళ్ళు ఒకటి. మళ్ళీ ఎవరి కాగితాలు పక్కన పడతాయో చూసుకోవలసింది మనమే.

ఇంకో వైపు, మా ప్రాంతంలో అమెరికాకి పిల్లలు వెళ్ళని వీధి తక్కువ. నా స్నేహితురాలి కూతురు డల్లాస్‌లో ఉంటుంది, లావుగా ఉంటుంది. అక్కడి కొట్లలో దొరికే బట్టలు చేతుల దగ్గర పట్టేస్తాయి, భుజాల దగ్గర జారతాయి. ఆ దేశంలో ఆమె 'రంగున్న స్త్రీ'. 1941 నాటి పట్టికలో ఆమెలాంటి వాళ్ళు లేరు. చీరలకి జాకెట్లూ, ఆఫీసుకి కుర్తాలూ నూజివీడులో ఒకావిడ చేత కుట్టించుకుంటుంది. వాట్సాప్‌లో వీడియో పెట్టి, టేపు ఎక్కడ పట్టాలో ఆవిడే చెబుతుంది. అమెరికాలో ఏ స్వతంత్ర డిజైనర్‌ని నిలబెట్టాలని అడుగుతున్నారో ఆ డిజైనర్ డల్లాస్ అమ్మాయికి నూజివీడులో ఉంది. డాలర్లలో సంపాదించే పిల్ల ఇచ్చే డబ్బు మాత్రం కుట్టుకూలే, ఎందుకంటే వాళ్ళమ్మ బేరమాడి ఖాయం చేసింది.

అయితే ఎక్కువ ఇద్దాం అనగానే ఒక చిక్కుంది. చాలా దుకాణాల్లో ఇప్పటికే పెద్ద సైజుకి అదనం అడుగుతున్నారు. తోటల్లో కూలికెళ్ళే లావుపాటి స్త్రీకి ఆ అదనం ఒంటిమీద వేసిన జరిమానాలా ఉంటుంది. ఆమె దగ్గర వసూలు చేసి ఇంకో పేద స్త్రీని నిలబెట్టడం న్యాయం కాదు. నేను అడుగుతున్నది జీతాలున్న మనల్ని. పట్టుచీరకి వేలు పోసి, జాకెట్టు దగ్గర యాభై తగ్గించమనే మనల్ని. అదనంగా పట్టిన గుడ్డకి గుడ్డ ధర, అందరికీ ఒకటే. విద్యకి విద్య ధర, ఇవ్వగలిగినవాళ్ళం ఇవ్వాలి. బేరం మానేస్తే సగం పని అయినట్టే.

మిగతా సగంలో చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. మంగళగిరి సహకార సంఘాల్లోనో, పెడన అద్దకాల దగ్గరో చీరలూ గుడ్డలూ కొనేటప్పుడు జాకెట్టు ముక్క మీటరూ పాతిక సెంటీమీటర్లు ఉండాలని అడుగుదాం. నలుగురం అడిగితే మగ్గం మీద ఆ మాత్రం పొడవు కష్టం కాదు. మన సభల్లో, పుస్తకావిష్కరణల్లో వేసుకున్న జాకెట్టు ఎవరు కుట్టారో చీర ఎక్కడ కొన్నామో చెప్పినంత మామూలుగా చెబుదాం, ఆవిడ ఒప్పుకుంటే పేరు పెట్టి. కాలేజీల్లో స్త్రీ అధ్యయనాలు చెప్పేవాళ్ళు పిల్లల్ని ఒక్క ప్రాజెక్టుకైనా ఈ వరండాలకి పంపాలి.

అక్కడ వాళ్ళకి ఒక ఆధారం దొరుకుతుంది. చాలామంది దగ్గర కొలతల నోటుపుస్తకాలుంటాయి. పేరు, దాని కింద భుజం, దండ, ఛాతీ, పొడవు. పక్కన ఏడాది తర్వాత మార్చిన అంకెలు. మూలగా "కుడి భుజం కొంచెం దిగువ" లాంటి మాట. కాన్పులూ, జబ్బులూ, మోసిన బరువులూ, తగ్గిన తిండీ అన్నీ ఆ అంకెల్లో ఉన్నాయి. పేర్లు బయటపెట్టకుండా, ఆ స్త్రీల అనుమతితో, కత్తిరింపు పద్ధతులతో సహా వాటిని భద్రపరచగలిగితే మన ప్రాంతపు ఆడవాళ్ళ శరీరాల చరిత్ర మన చేతిలో ఉంటుంది. మిషను పిన్ని ఇప్పుడు లేదు. ఆవిడ పుస్తకం కోడలి దగ్గర ఉంది, ఆ అమ్మాయి కూడా కుడుతుంది. మొన్న వేసవిలో వెళ్ళి అడిగితే అట్ట ఊడిన ఆ పుస్తకాన్ని బియ్యం డబ్బా మీదనుంచి తీసి చూపించింది. ఫోటోలు తీయడం మొదలుపెట్టాం. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు వైపు అలాంటి పుస్తకాలు మీ ఎరుకలో ఉంటే పాత కాగితాలకి వెయ్యకుండా ఉంచమని చెప్పండి.